పదిహేనో దశాంశం దాకా

చినాయ్ ట్రేడ్ సెంటర్ రెండో అంతస్తులో
షట్టర్ సగం దించుకుని కూర్చుంటాను రాత్రుళ్ళు.
చచ్చి వచ్చిన గ్రాఫిక్స్ కార్డులకు ఊపిరి పోయడం నా పని.
ఎవరో వీటితో లేని నాణేలు తవ్వించి తవ్వించి
నడుం విరిగాక వదిలేశారు.
ఫ్యాను రెక్కల్లో ఇంకా వాళ్ళింటి దుమ్ము,
ఒకదాంట్లో పిల్లి వెంట్రుక.

పాత పేస్టు గీకి
కొత్తది కందిగింజంత పెట్టి
మర బిగించి పరీక్షకు కూర్చోబెడతాను.

పరీక్షంటే ఒక్కటే లెక్క.
ఒక అంకెను దానితోనే హెచ్చవేయి,
మొదటున్నదాన్ని కలుపు,
వచ్చినదాన్ని మళ్ళీ దానితోనే.
పారిపోతుందా, ఇక్కడిక్కడే తిరుగుతుందా చూడు.
పారిపోయే వేగానికొక రంగు.
పోలేనివాటికి నలుపు.
అంతే,
తెర అంటుకుంటుంది.

ముందు ఒక నల్లటి పురుగు, వెల్లకిలా పడ్డట్టు.
దాని అంచున నూగు.
నూగులోకి దిగితే మెరుపు తీగ,
తీగ కణుపులో సుడి,
సుడి కడుపులో వంద సముద్రగుర్రాలు తోకలు చుట్టుకుని,
ఒక తోక కొసన
ఇసుక రేణువంత
మళ్ళీ అదే పురుగు.
మనకంటే ముందొచ్చి కూర్చున్నట్టు.

రెండు నిమిషాలు చూద్దామనే మొదలుపెడతాను.
చాయ్ మీద మీగడ కడుతుంది.
వేడి ఎంతుందో రాసుకోవాల్సిన కాగితం
ఖాళీగా నన్నే చూస్తుంటుంది.

పక్క షాపు వరదాచారి
ప్రింటర్ డబ్బాల్లో సిరా నింపుతూ
పిండాండం బ్రహ్మాండం అంటాడు, వేళ్ళన్నీ నీలం.
నాకంత తెలీదు.
ఇందులో కథ లేదు, అదే నాకు నచ్చింది.
ఎవరూ ఎవరినీ మోసం చెయ్యరు.
ఒకటో తారీఖు రాదు.
దగ్గరికి వెళ్ళేకొద్దీ
ఇంకా రమ్మంటుంది, అంతే.
నన్ను అలా ఎవరు పిలిచారు గనక!

పోయినేడు మెహిదీపట్నంలో
నా కంటి వెనక పొర ఫోటో తీశారు.
నారింజ రంగు చందమామ మీద ఎర్రటి పాయలు,
పాయలకు పాయలు,
ఒక మూల ఆవగింజంత చిట్లు.
షుగర్ అంది డాక్టరమ్మ.
ఆ చిట్లు దగ్గర ఇంకాస్త లోపలికి పోయి చూపించండి
అని అడగబోయి
ఆగిపోయాను.

తెల్లారుజామున బిల్డింగు ఊడ్చే లసుమవ్వ
షట్టర్ కింద నుంచి వంగి వచ్చింది.
చీపురు చేతిలోనే ఆగిపోయింది.
ఊదా నుంచి పసుపులోకి
తెర మెల్లగా ఒళ్ళు విరుచుకుంటోంది.
"గిదేంది సారూ, యాడ అయిపోతది?"
"అయిపోదవ్వా."
చాలాసేపు చూసింది.
"మరి గిదంత ఎవలు ఊడుస్తరు?"

నేను చెప్పింది అబద్ధం.
లెక్కకు అంతు లేదు గానీ
కార్డుకు ఊపిరి తక్కువ.
పదిహేనో దశాంశం దాటాక
ఈ చుక్కకూ ఆ చుక్కకూ తేడా దానికి ఆనదు.
సుడులు గడ్డకడతాయి.
తోకలు విరుగుతాయి.
రోజూ అక్కడికి చేరకముందే ఆపేస్తాను,
అయినవాళ్ళ ముఖం మీద గుడ్డ కప్పినట్టు.
ఇవాళ ఆమె పక్కన నిలబడి
ఆపడం మరిచాను.

గళ్ళు పడ్డాయి.
ముందు చిన్నవి, తర్వాత పెద్దవి,
చదరాలు చదరాలుగా
బూడిదరంగు తెరంతా.
నాకు ఏదో సిగ్గనిపించింది.

"అగో" అంది లసుమవ్వ,
ఎరిగిన ఊరు కనబడ్డట్టు,
"షాబాదు బండలొచ్చినయ్!
గివైతే నేను తుడుస్త."

బకెట్టు లోపలికి జరుపుకుంది.
కార్డు ఎనభై మూడు డిగ్రీల దగ్గర నిలబడింది.
పాసు అని చీటీ రాసి అంటించాను.
ఫినాయిల్ వాసన.
ఆమె తుడిచిన తడి తొక్కకుండా
గోడ వారగా నడుచుకుంటూ
కిందికి దిగాను.